ఏ.ఆర్.టి. ఔషధసేవనం - భద్రత: హైదరాబాదు పాతబస్తీ నేపథ్యం

వ్యాససంగ్రహం:
హెచ్.ఐ.వి. చికిత్స ఫలితం మాత్ర శక్తిమీద ఎంత ఆధారపడుతుందో, దాన్ని సేవించే క్రమంమీద కూడా అంతే ఆధారపడుతుంది. ఆ క్రమం రోగికి చేరేది మాటల ద్వారానే. పాతబస్తీ జనజీవనాన్ని నేపథ్యంగా తీసుకొని, సురక్షిత ఔషధసేవన నియమాలను, వాటి అవగాహనలో వాడుకమాటల పాత్రను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: హెచ్.ఐ.వి., ఏ.ఆర్.టి., డోలుటెగ్రావిర్, ఔషధసేవనం, వైద్యపరిభాష, పాతబస్తీ.

1. ఉపోద్ఘాతం
భారతప్రభుత్వం 2004 ఏప్రిల్ 1న ఉచిత ఏ.ఆర్.టి. చికిత్సను ప్రారంభించింది. 2017 నుండి సి.డి.4 కణాల సంఖ్యతో నిమిత్తం లేకుండా, హెచ్.ఐ.వి. నిర్ధారణ అయిన వారందరికీ చికిత్స అందుతోంది. పాతబస్తీ వాసులకు చేరువలో, అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రిలో ఏ.ఆర్.టి. కేంద్రం ఉంది. తెలుగు, దక్కనీ ఉర్దూ కలగలిసి వినిపించే ఈ ప్రాంతంలో వైద్యసూచన అర్థమయ్యే తీరు ప్రత్యేకంగా పరిశీలించదగినది.

2. మాత్ర పనిచేసే విధానం
ప్రస్తుతం వయోజనులకు ప్రధానంగా ఇచ్చేది టి.ఎల్.డి. ఇందులో టెనోఫోవిర్ 300 మి.గ్రా., లామివుడిన్ 300 మి.గ్రా., డోలుటెగ్రావిర్ 50 మి.గ్రా. ఒకే మాత్రగా ఉంటాయి. మొదటి రెండూ వైరస్ తన ఆర్.ఎన్.ఎ.ను డి.ఎన్.ఎ.గా మార్చుకోకుండా అడ్డుకుంటాయి. మూడవది ఆ డి.ఎన్.ఎ. మనిషి కణంలోని డి.ఎన్.ఎ.తో కలవకుండా నిరోధిస్తుంది. అయితే అప్పటికే కణాలలో నిద్రాణంగా దాగిన వైరస్‌ను ఇవి తొలగించలేవు. అందుకే చికిత్స జీవితాంతం కొనసాగాలి.

3. సేవన నియమాలు
మాత్రను రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. ఆహారంతో గాని, ఆహారం లేకుండా గాని తీసుకోవచ్చు. మరచిపోతే గుర్తురాగానే వేసుకోవాలి. తరువాతి మోతాదుకు 4 గంటలలోపే వ్యవధి ఉంటే దానికోసం ఆగాలి. రెండు మాత్రలు ఒకేసారి వేసుకోరాదు. చికిత్సాక్రమం 95 శాతానికి తగ్గకూడదన్నది ప్రమాణం. నెలకు 30 మాత్రలలో ఒకటి తప్పితే సుమారు 97 శాతం, రెండు తప్పితే 93 శాతం అవుతుంది. అంటే రెండవ మరపుతోనే హద్దు దాటినట్లే.

రంజాను ఉపవాసం పాటించేవారు మాసం మొదలుకాకముందే వైద్యుణ్ణి సంప్రదించి, మాత్రవేళను ఇఫ్తారుకో సహరీకో మార్చుకోవచ్చు. ఎంచుకున్న వేళను మాసమంతా మార్చకూడదు.

4. వాడుకమాటలు - ప్రమాదాలు
"ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అన్న ప్రశ్నకు రోగి "లేదు" అనవచ్చు. అది అబద్ధం కాదు. 'గ్యాస్ మాత్ర', 'బలం మాత్ర' అతని దృష్టిలో మందులే కావు. కాని అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ మందులు డోలుటెగ్రావిర్‌ను రక్తంలోకి సరిగా చేరనివ్వవు. వాటికి కనీసం 2 గంటల ముందు గాని, 6 గంటల తరువాత గాని టి.ఎల్.డి. వేసుకోవాలి. ఇఫ్తారు వేళ మాత్ర వేసుకొనేవారు గ్యాస్ మందును 2 గంటలు ఆగి తీసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలకూ ఇదే వ్యవధి వర్తిస్తుంది. భోజనంతో అయితే వాటిని కలిపి తీసుకోవచ్చు. కనుక ఆ ప్రశ్నను "గ్యాస్‌కు, బలానికి ఏమైనా వేసుకుంటున్నారా?" అని విడమరచి అడగటం అవసరం.

మధుమేహానికి మెట్‌ఫార్మిన్, క్షయకు రిఫాంపిసిన్ వాడేవారు ఆ విషయం తప్పక చెప్పాలి. మొదటిదాని మోతాదుకు పరిమితి అవసరం. రెండవదానితో డోలుటెగ్రావిర్ 50 మి.గ్రా. అదనపు మోతాదు 12 గంటల తేడాతో అవసరమవుతుంది. టెనోఫోవిర్ వల్ల మూత్రపిండాల పనితీరును కూడా పరీక్షిస్తూ ఉండాలి.

'వైరస్ కనబడటం లేదు' అన్న నివేదిక మరొక చిక్కు. తెలుగులో 'కనబడటం లేదు' అన్నది సులభంగా 'లేదు'గా, ఆపైన 'నయమైంది'గా మారుతుంది. నిజానికి దాని అర్థం పరీక్షకు అందనంత తక్కువగా ఉందని మాత్రమే. ఆ స్థితి నిలిచినంతకాలం లైంగికసంబంధం ద్వారా ఇతరులకు వైరస్ సోకదు. మాత్ర మానితే వైరస్ మళ్ళీ పెరుగుతుంది. హెపటైటిస్-బి కూడా ఉన్నవారిలో అకస్మాత్తుగా మానడం కాలేయానికి తీవ్రహాని కలిగించవచ్చు.

5. గోప్యత
ఉమ్మడి కుటుంబాలలో, ఇరుకు ఇళ్ళలో మాత్ర ఎవరైనా చూస్తారేమోనన్న భయం కూడా మోతాదు తప్పటానికి కారణమవుతుంది. 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉన్న హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం రోగి వివరాల గోప్యతకు రక్షణ కల్పిస్తోంది. 1097 సహాయవాణి ద్వారా ఉచితంగా సలహా పొందవచ్చు.

6. ముగింపు
ఏ.ఆర్.టి. భద్రత మాత్రలోనే కాక, దాన్ని వివరించే మాటలోనూ ఉంది. 'మందు', 'బలం', 'నయం' వంటి పదాలకు జనవ్యవహారంలో ఉన్న అర్థపరిధులను గుర్తించి సూచనలను రూపొందించటం తెలుగు పరిశోధకులు చేయదగిన పని. ఇక్కడ ఒక పదం పొరపాటుగా అర్థమైతే రోగి మాత్రనే మానేయవచ్చు.