కలిసి జీవించడానికి హిజాబ్ అడ్డంకా?

జుమా నమాజు ముగిసిన తర్వాత ఒక తండ్రి నా వద్దకు వచ్చి కూర్చున్నారు. “మౌలానా సాబ్, మా అమ్మాయికి ఫ్రాన్స్‌లో ఒక విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది. తలపై హిజాబ్ ఉంటే అక్కడివారు తనను కలుపుకుంటారా?” అని అడిగారు. ఆయన కంఠంలో సంతోషం కన్నా భయమే ఎక్కువగా వినిపించింది.

ఆ భయం నిరాధారమైనది కాదు. ఫ్రాన్స్ 1905లో చట్టం ద్వారా ప్రభుత్వాన్ని మతవ్యవస్థ నుండి వేరు చేసింది. అదే చట్టం అంతరాత్మ స్వేచ్ఛకు హామీ కూడా ఇచ్చింది. 1989లో క్రెయ్ పట్టణంలో ముగ్గురు బాలికలు హిజాబ్ తీయడానికి నిరాకరించినందుకు పాఠశాలకు దూరమయ్యారు. అప్పటి నుండి వివాదం రాజుకుంది. 2004 చట్టం ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులు మతాన్ని ప్రస్ఫుటంగా చాటే చిహ్నాలు ధరించరాదంది. సిక్కుల తలపాగా, యూదుల టోపీ కూడా దీని పరిధిలోకి వచ్చాయి. 2010లో బహిరంగ ప్రదేశాల్లో ముఖం కప్పుకోవడాన్ని నిషేధించారు. 2023లో పాఠశాలల్లో అబాయాను కూడా వద్దన్నారు.

నిషేధాన్ని సమర్థించేవారు కుటుంబ ఒత్తిడి నుండి బాలికలను కాపాడుతున్నామంటారు. ఈ వాదనను తేలికగా కొట్టివేయరాదు. ధర్మం విషయంలో బలవంతానికి ఇస్లాంలో తావు లేదు. అయితే బలవంతంగా కప్పించడం తప్పయినప్పుడు, బలవంతంగా తీయించడం ఒప్పెలా అవుతుంది? ముఖముసుగు నిషేధాన్ని 2014లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం ‘కలిసి జీవించడం’ పేరిట సమర్థించింది. కానీ 2018లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ దానిని మతస్వేచ్ఛకు భంగమని తేల్చింది. అది స్త్రీలను రక్షించడానికి బదులు ఇళ్ళకే పరిమితం చేయగలదని హెచ్చరించింది. కలుపుకోవడానికి చేసిన చట్టమే గడప దాటనీయకపోతే ఇక కలయిక ఎక్కడిది?

పాశ్చాత్య దేశాలన్నీ ఒకే బాటలో లేవు. స్కాట్లాండ్ పోలీసు శాఖ 2016లో హిజాబ్‌ను యూనిఫారంలో ఐచ్ఛిక భాగంగా ఆమోదించింది. అమెరికా ప్రతినిధుల సభలో తలపై ఏదీ ధరించరాదనే నియమం 1837 నుండి ఉండేది. 2019లో ఇల్హాన్ ఒమర్ హిజాబ్‌తో ప్రవేశించేందుకు వీలుగా దానిని సడలించారు. అక్కడ హిజాబ్ ప్రజాసేవకు అడ్డు రాలేదు.

మన బాధ్యత కూడా ఉంది. సూరహ్ నూర్‌లో చూపులు వాల్చుకోమనే ఆదేశం 30వ ఆయతులో ముందుగా పురుషులకు వచ్చింది. స్త్రీల పరదా ప్రస్తావన ఆ తర్వాతి ఆయతులోనిది. మొదటిది మరచి రెండవదానినే కూతుళ్ళకు బోధించడం న్యాయం కాదు. పరదాను సాకుగా చూపి వారి చదువు మాన్పించడం అంతకన్నా అన్యాయం.

ఆ తండ్రికి ఇలా చెప్పాను: “2004 చట్టం విశ్వవిద్యాలయ విద్యార్థులకు వర్తించదు. మీ అమ్మాయి హిజాబ్‌తోనే చదువుకోవచ్చు. ప్రభుత్వోద్యోగానికి మాత్రం అక్కడ అనుమతి లేదని ముందే తెలియజేయండి. వసతి, తోడు విషయంలో తగిన ఏర్పాట్లు చేయండి. ఆ దేశపు భాష శ్రద్ధగా నేర్చుకోమనండి. దైవప్రవక్త (సఅసం) ఎంతగానో నొక్కి చెప్పిన పొరుగువారి హక్కును మరువవద్దనండి. పొరుగింటి వృద్ధురాలికి జబ్బు చేస్తే ముందుగా తలుపు తట్టేది మీ అమ్మాయే కావాలి. ఆమె తలపై ఏముందో ఆ వృద్ధురాలు పట్టించుకోదు.”

ఆయన కాసేపు మౌనంగా ఉండి, “అయితే పంపుతాను మౌలానా, దుఆ చేయండి” అన్నారు.