జపాన్ కారు లోపల బయటివాళ్లకి చోటుందా?

కొత్త ఫోన్ వచ్చిందంటే మనం ముందు స్పెక్ షీటే చూస్తాం. చిప్ ఎవరిది, కెమెరా సెన్సర్ ఎవరిది, డిస్‌ప్లే ఎవరిది అని. బ్రాండ్ ఒకటే అయినా లోపలి పార్టులు పది కంపెనీల నుంచి వస్తాయని మనకి తెలుసు. కానీ జపాన్ కార్ల విషయంలో చాలాకాలం అలా లేదు. లోపలి సామాను కూడా చాలావరకు ఇంటివాళ్లదే.

ఈ పద్ధతిని అక్కడ కెయిరెట్సు అంటారు. మన భాషలో చెప్పాలంటే వియ్యంకుల వ్యాపారం. ఉదాహరణకి డెన్సో. 1949లో టొయోటా నుంచి విడిపడి పుట్టిన కంపెనీ ఇది. ఇప్పటికీ టొయోటాకి అందులో పెద్ద వాటా ఉంది. కొత్త మోడల్ ఇంకా డ్రాయింగ్ దశలో ఉండగానే రెండు వైపుల ఇంజినీర్లూ కలిసి కూర్చుంటారు. కారు రోడ్డెక్కే టైమ్‌కి శాంపిల్ పట్టుకెళ్లిన విదేశీ కంపెనీకి అక్కడ పని ఉండదు.

పన్ను అడ్డం కాదు

జపాన్‌లో కార్ల మీద దిగుమతి సుంకం 1978 నుంచి సున్నా. అయినా అమెరికన్ పార్టులు కొనట్లేదని 1995లో పెద్ద గొడవ అయింది. జపాన్ లగ్జరీ కార్ల మీద 100% సుంకం వేస్తామని అమెరికా బెదిరించింది. జూన్‌లో ఒప్పందం కుదిరింది. కానీ ఏళ్ల తరబడి పెరిగిన నమ్మకాన్ని ఒప్పందం కాగితం మార్చలేదు కదా!

గోడకి పగులు పెట్టింది అప్పు. 1999 అక్టోబర్‌లో నష్టాల్లో ఉన్న నిస్సాన్‌లో కార్లోస్ ఘోన్ ఒక ప్లాన్ ప్రకటించాడు. కొనుగోలు ఖర్చు 20% తగ్గాలి, 1,145 మంది సప్లయర్లు 600కి దిగాలి. చుట్టరికం చూసి కొనే రోజులు అక్కడ అయిపోయాయి.

తలుపు తీసింది చిప్

ఆ తర్వాత మన ఏరియా వచ్చింది. బ్రేకులు, గేర్లు ఇంట్లో దొరుకుతాయి, ఏఐ చిప్ దొరకదు. 2016లో సెరెనా కారుతో వచ్చిన నిస్సాన్ ప్రోపైలట్‌లో ఇజ్రాయెల్ కంపెనీ మొబిలై చిప్ వాడారు. తర్వాతి తరం కార్లకి టొయోటా తన ఓరిన్ తీసుకుంటున్నట్టు 2025 జనవరిలో ఎన్విడియా ప్రకటించింది. తైవాన్‌కి చెందిన టీఎస్ఎంసీ 2024 ఫిబ్రవరిలో కుమమోటోలో ఫ్యాక్టరీ తెరిచింది. అందులో సోనీతో పాటు డెన్సో, టొయోటా కూడా వాటాదారులే. అంటే బయటివాళ్ల ఫ్యాక్టరీలో ఇంటివాళ్లే డబ్బు పెట్టారు.

మనవాళ్లు కూడా లైన్లో ఉన్నారు. పుణేకి చెందిన కేపీఐటీతో హోండా 2022లో సాఫ్ట్‌వేర్ భాగస్వామ్యం పెట్టుకుంది.

లోపలికి వెళ్లాక

అసలు పరీక్ష అక్కడే మొదలవుతుంది. ఒక్క పార్టు ఫెయిలైతే "ఎందుకు" అని ఐదుసార్లు అడగడం టొయోటా అలవాటు. మెషీన్ మార్చినా, మెటీరియల్ మార్చినా ముందే చెప్పాలి. చెప్పకుండా మార్చడమంటే, రివ్యూ లేకుండా శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లోకి కోడ్ తోసినట్టే! బాష్ 1911లోనే జపాన్‌లో అడుగుపెట్టింది. అక్కడ నిలబడాలంటే అంత ఓపిక కావాలి.

నా వెర్డిక్ట్: "అదే పార్టు, కొంచెం చవగ్గా ఇస్తాం" అనే కంపెనీకి జపాన్ ఇప్పటికీ కష్టమే. వాళ్లింట్లో లేనిది నీ దగ్గర ఉంటే మాత్రం ఇంతకన్నా మంచి టైమ్ లేదు. బీటెక్ చేసి ఎంబెడెడ్ వైపు చూస్తున్నవాళ్లకి కూడా ఇదే లెక్క. సీ ప్లస్ ప్లస్ పక్కన ఐఎస్ఓ 26262 భద్రతా ప్రమాణం, కాస్త జపనీస్ నేర్చుకోండి. ఇక నుంచి కారు రివ్యూ చదివినా, హార్స్‌పవర్ కంటే ముందు లోపల చిప్ ఎవరిదో చూడండి.