కదిలిన చేతులు

ఆ రాత్రి ఇషా నమాజు ముగించుకొని మదరసాకు చేరేసరికి మా మొహల్లా యువకుడొకరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "మౌల్వీ సాబ్, అబ్బా చనిపోయారంటున్నారు డాక్టర్లు. కానీ ఆయన నియ్యత్ కట్టారు. నా కళ్లారా చూశాను" అన్నాడు.

మెదడులో రక్తనాళం చిట్లి నాలుగు రోజులుగా వెంటిలేటరుపై ఉన్న మనిషి ఆయన. శ్వాస ఉన్నదీ లేనిదీ తెలుసుకొనేందుకు యంత్రాన్ని కాసేపు తప్పించగా, రెండు చేతులూ మెల్లగా లేచి ఛాతీపై ఒకదాని మీద ఒకటి వాలి, తిరిగి పడిపోయాయట. "అయితే ప్రాణమున్నట్లే కదా బేటా" అనేశాము. తెలియని విషయంలో తొందరపడి ఆడిన మాట అది.

వెంటనే అతనితో ఆసుపత్రికి వెళ్లాము. నరాల వైద్యులు ఓపికగా వివరించారు. ఆ కదలిక మెదడుది కాదు, వెన్నుపాముది. మోకాలి కింద సుత్తితో తట్టినప్పుడు కాలు ఎగరడానికి మన సంకల్పం అవసరం లేదు కదా! మెదడు అదుపు తొలగినా, రక్తం అందుతున్నంత కాలం వెన్నుపాము తనంతట తాను కండరాలను కదిలించగలదు. వేళ్లు అదరవచ్చు, పాదాన్ని తాకితే మోకాలు ముడుచుకోవచ్చు, అరుదుగా చేతులు ఛాతీ మీదికి రావచ్చు. దీనినే 'లాజరు సంకేతం' అంటారు. హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) తిరిగి బ్రతికించినట్లు బైబిలు చెప్పే వ్యక్తి పేరది. పేరే మనిషిని పొరపాటు పడేస్తుంది!

మన ఫిఖ్హ్ పండితులకు ఇటువంటి కదలిక కొత్త కాదు. జబహ్ చేసిన జంతువు కొట్టుకోవడాన్ని వారు 'హరకతె మజ్బూహ్' అన్నారు. బక్రీదునాడు మనమంతా చూసేదే.

అయితే కదలిక ప్రాణానికి రుజువు కానట్లే, నిశ్చలత మరణానికి రుజువు కాదు. కట్లపాము కరిచినవారు కంటిపాప కూడా కదలక శవంలా పడి ఉండి, చికిత్సతో లేచి కూర్చున్న సందర్భాలు మన దేశంలోనే ఉన్నాయి. మత్తుమందులూ, శరీరం మితిమీరి చల్లబడటమూ అలాగే భ్రమింపజేస్తాయి. అందుకే ముందు కారణం తేలాలి. ఆ తరువాతే కంటిపాపపై వెలుగు, చెవిలో చల్లని నీరు, గొంతులో గొట్టం, చివరికి శ్వాస పరీక్ష. అవయవ మార్పిడికి సంబంధించిన 1994 నాటి చట్టం ప్రకారం నలుగురు వైద్యులు నిర్ధారించాలి. కనీసం 6 గంటల తేడాతో పరీక్షలు మళ్లీ జరపాలి.

ఇక ధర్మశాస్త్ర నిర్ణయం. 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ, మెదడు పూర్తిగా, తిరిగిరాని విధంగా పనిచేయడం మానితే దానిని మరణంగానే అంగీకరించింది. మరుసటి ఏడాది మక్కాలో రాబితా వారి ఫిఖ్హ్ మండలి యంత్రాన్ని తొలగించవచ్చునన్నది కానీ, గుండె, శ్వాస ఆగేవరకు మరణపు ఆదేశాలు వర్తించవన్నది. మా మనసు రెండవదాని వైపే మొగ్గుతుంది.

తెల్లవారుజామున రెండవ పరీక్షలోనూ శ్వాస రాలేదు. కుమారుడు పట్టుకొన్న చేతిలో వేళ్లు మరోసారి అదిరాయి. అతడు మా వైపు చూశాడు. "రాత్రి మేము చెప్పింది తప్పు బేటా" అన్నాము.

యంత్రం తీయడానికి ఆ కుటుంబానికి మనసొప్పలేదు. మరునాడు అస్ర్ వేళకు గుండె దానంతటదే ఆగింది. చేతులను ప్రక్కలకు సరిచేసి గుస్ల్ చేయించాము. అతని అమ్మీ ఇద్దత్‌ను ఆ అస్ర్ నుండే లెక్కించమన్నాము.