సముద్రం దాటే ముందు చదవాల్సిన కాగితం

యానాం అగ్రహారం నుంచి ఓ అమ్మాయి గానీ అబ్బాయి గానీ ఏడాది పాటు పరాయి దేశంలో స్వచ్ఛంద సేవ చేసి వస్తానంటే ఇంట్లో ముందుగా రెండు ప్రశ్నలు వస్తాయి. జీతమెంత? తిరిగొచ్చాక ఉద్యోగం సంగతేమిటి? రెండూ న్యాయమైన ప్రశ్నలే. అయితే వాటికంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది: అక్కడికి తీసుకెళ్తున్నది ఎవరు, ఎవరి పూచీ మీద? టికెట్టు, పెట్టె, చలికోట్ల సంగతి వారం రోజుల్లో తేలిపోతుంది. ఈ ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబు రాబట్టడానికి మాత్రం నెలలు పడుతుంది. నా దృష్టిలో ప్రయాణానికి సిద్ధపడటమంటే ప్రధానంగా ఇదే.

ఈ మాట యానాంలో చెప్పడానికి చరిత్రలోనే కారణముంది. 1828 నుంచి రెండు మూడేళ్ల పాటు ఇక్కడి ఫ్రెంచి రేవు నుంచి తెలుగు కూలీలను హిందూ మహాసముద్రంలోని బోర్బన్ దీవికి, అంటే నేటి రీయూనియన్‌కు, ఒప్పందాల మీద ఓడలెక్కించారు. అక్కడి చెరకు తోటల్లో వాళ్లకు దక్కిన బతుకు ఒప్పందంలో చెప్పినట్టు లేదు. ఫిర్యాదులు వచ్చాయి, ఆ తొలి ప్రయత్నం కొద్ది ఏళ్లకే ఆగిపోయింది. వాళ్లు వెళ్లింది కూలికి, ఈనాటి యువత వెళ్లేది సేవకు. రెండింటినీ ఒకే గాటన కట్టడం లేదు. కానీ కాగితం మీద ఏముందో తెలియకుండా సముద్రం దాటినవాడు ఎదుటివాడి దయ మీదే బతకాలన్నది రెండు చోట్లా నిజమే. అదంతా పాత కథ అనుకోవడానికీ లేదు. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కాంబోడియా ఉదంతంలో, డేటా ఎంట్రీ కొలువులని నమ్మి వెళ్లిన మన కుర్రాళ్ల చేత అక్కడ సైబర్ మోసాలు చేయించారు. సేవ పేరు పెట్టుకుని ఇలాంటి వల మరొకరు వేయరన్న భరోసా ఏమీ లేదు.

నిఖార్సయిన సంస్థలు ఎలా ఉంటాయో చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 1970లో ఏర్పాటు చేసిన ఐరాస వాలంటీర్ల కార్యక్రమం దరఖాస్తుకు గానీ ఎంపికకు గానీ రూపాయి తీసుకోదు. పైగా నెలనెలా జీవన భృతి, ఆరోగ్య బీమా తానే ఇస్తుంది. యువ వాలంటీర్లుగా 18 నుంచి 26 ఏళ్ల వాళ్లను తీసుకుంటారు. పని అనుభవం కోరే విదేశీ నియామకాలకు 27 ఏళ్లు నిండాలి. యానాంలో ఫ్రెంచి పౌరసత్వం ఉన్న కుటుంబాల పిల్లలకు మరో దారి ఉంది. ఫ్రాన్సు 2010లో మొదలుపెట్టిన సర్వీస్ సివిక్‌లో 16 నుంచి 25 ఏళ్ల వాళ్లు 6 నుంచి 12 నెలలు పనిచేయవచ్చు, విదేశాల్లో కూడా. భృతి ప్రభుత్వమే ఇస్తుంది. కాబట్టి సేవ చేస్తానన్న మనిషి దగ్గరే లక్షలు అడిగే సంస్థ కనిపిస్తే, ఆ డబ్బు ఎవరి జేబులోకి పోతుందో అడగాలి. చేయాల్సిన పని, వసతి, సెలవులు, జబ్బు చేస్తే ఖర్చు, మధ్యలో వచ్చేయాల్సి వస్తే తిరుగు టికెట్టు, వీసా ఏ రకం, ఇవన్నీ ఒప్పందంలో ఉండాలి. పర్యాటక వీసా మీద వెళ్లి పని చేయమంటే ఒప్పుకోకూడదు. ఆఫ్రికాలోని చాలా దేశాలకైతే ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం తప్పదు. టీకా వేసిన 10 రోజులకు గానీ అది చెల్లదు గనుక చివరి వారం దాకా ఆగితే ప్రయాణమే ఆగుతుంది.

ఇంటి లెక్క కూడా ఇందులో భాగమే. సంఘం అప్పు వాయిదా ఎవరు కట్టాలి, నాన్నకు మందులెవరు తేవాలి, బ్యాంకు పనులెవరు చూడాలి అన్నది ఇంటిల్లిపాదీ కూర్చుని ముందే తేల్చుకోవాలి. మొహమాటంతో దాటేసిన విషయమే నాలుగో నెలలో అర్ధరాత్రి ఫోనై వస్తుంది. ఒప్పందం నకలు, రాయబార కార్యాలయం నంబరు, విదేశాంగ శాఖ ఫిర్యాదుల వేదిక ‘మదద్’ వివరాలు అమ్మానాన్నల దగ్గర కూడా ఉండాలి.

‘మన ఊళ్లో చేయాల్సిన సేవ లేదా?’ అంటారు కొందరు. 2022 జులైలో గోదావరి పొంగి యానాం వీధుల్లోకి నీళ్లొచ్చాయి. అప్పుడు కావలసింది ఇక్కడి చేతులే. ఈ అభ్యంతరాన్ని నేను పూర్తిగా గౌరవిస్తాను. దాన్నే అర్హతగా మార్చాలంటాను: ఇక్కడ పని చేయనివాణ్ణి అక్కడికి పంపకూడదు. 1969లో మొదలైన జాతీయ సేవా పథకంలో విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి. ఆ గంటలు నిజాయితీగా పూర్తిచేసినవాడికి తనకు ఏ పని వచ్చో, ఏది రాదో తెలుస్తుంది. పరాయి ఊరికి పనికొచ్చేది ఆ ఎరుకే గాని ఉత్సాహం ఒక్కటే చాలదు. ‘ఇదంతా ఉన్నవాళ్ల సరదా’ అనే మాటకూ ఇక్కడే జవాబుంది. సొంత డబ్బుతో వెళ్లే పద్ధతైతే అది నిజమే. భృతి, బీమా ఇచ్చే పద్ధతిలో కావలసింది ఆస్తి కాదు, నైపుణ్యం. నర్సింగు, బోధన, నీటి సరఫరా, లెక్కల నిర్వహణ తెలిసిన సామాన్యుల పిల్లలు దీనికి అందరికంటే తగినవాళ్లు.

యానాం ప్రభుత్వ కళాశాలలో చదువుతున్నవాళ్లు విమానం సంగతి తర్వాత చూసుకుని ఈ ఏడాదే పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టండి, సేవా పథకంలో చేరండి, వెళ్లదలచిన దేశం భాషలో వంద మాటలు నేర్చుకోండి. ఒప్పందం చేతికొచ్చిన రోజున సంతకం పెట్టకండి. ఇంటికి తీసుకెళ్లి, అందరికీ తెలుగులో చదివి వినిపించాకే పెట్టండి.