ఒంటికొమ్ము మృగమా, అడవి ఎద్దా?

1611లో ఇంగ్లండ్‌లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్లో ఒక వింత జంతువు తొమ్మిదిసార్లు కనిపిస్తుంది. అది యూనికార్న్, అంటే ఒంటికొమ్ము మృగం. హీబ్రూ మూలంలో ఉన్న పేరు 'రెఎమ్'. ఆ పేరులో కొమ్ముల లెక్క ఎక్కడా లేదు.

లెక్క మొదలుపెట్టింది గ్రీకు అనువాదకులు. క్రీస్తుకు సుమారు రెండు మూడు శతాబ్దాల ముందు యూదుల గ్రంథాలు గ్రీకులోకి వచ్చినప్పుడు, రెఎమ్ చాలాచోట్ల 'మోనోకెరోస్' అయింది. ఒక్క కొమ్మున్నదని దాని అర్థం. గ్రీకులకు అలాంటి జంతువు కొత్త కాదు. భారతదేశంలో ఒంటికొమ్ము అడవి గాడిదలున్నాయని పర్షియా రాజవైద్యుడు క్టేసియస్ అంతకుముందే రాసి ఉన్నాడు. మన ఖడ్గమృగం గురించి చెప్పుకున్న కబుర్లే అలా మారి ఉండవచ్చు. లాటిన్ బైబిల్ కూడా కొన్నిచోట్ల ఖడ్గమృగమనీ, కొన్నిచోట్ల ఒంటికొమ్ముదనీ రాసింది.

చిక్కల్లా ద్వితీయోపదేశకాండంలో వచ్చింది. అక్కడ యోసేపు బలాన్ని రెఎమ్ కొమ్ములతో పోల్చారు. జంతువు ఒకటే, కొమ్ములు మాత్రం ఒకటికి మించి ఉన్నాయి! కింగ్ జేమ్స్ పండితులు జంతువునే బహువచనం చేసి గండం గడిపారు. మూలంలో ఏకవచనమే ఉందని పక్క అంచున నిజాయితీగా చెప్పారు.

యోబు గ్రంథం మరో ఆధారం. రెఎమ్‌ను పలుపు వేసి పొలం దున్నించగలవా అని దేవుడు యోబును అడుగుతాడు. నాగలికి కట్టే ఎద్దుకు అడవిలో చుట్టం ఉంటేనే ఆ ఎత్తిపొడుపు పండుతుంది.

19వ శతాబ్దంలో మెసొపొటేమియా మట్టిపలకల లిపిని పండితులు చదవగలిగాక ముడి వీడింది. అక్కడి అక్కాడియన్ భాషలో 'రీము' అంటే అడవి ఎద్దు. దాన్ని వేటాడామని అస్సీరియా రాజులు గొప్పగా చెప్పుకున్నారు. బాబిలోన్ ఇష్టార్ ద్వారం మీది ఎద్దులూ అవే. నేటి పశువుల పూర్వజాతి అయిన ఈ ఆరాక్స్‌లో పెద్ద మగవి భుజం దగ్గరే ఆరడుగుల ఎత్తుండేవి. 1885 నాటి సవరించిన ఇంగ్లీషు బైబిల్ యూనికార్న్‌ను తీసేసి అడవి ఎద్దును పెట్టింది. తెలుగు బైబిల్లో ఉన్నది గురుపోతు.

ఆఖరి ఆరాక్స్ 1627లో పోలండ్‌లోని యాక్టొరూఫ్ అడవిలో చనిపోయింది. యజమాని పోయినా పేరు మిగిలింది. ఆధునిక హీబ్రూలో రెఎమ్ అంటే ఒరిక్స్ అనే ఎడారి జింక. దానివి రెండు పొడవాటి కొమ్ములు; సరిగ్గా పక్కనుంచి చూస్తే ఒక్కటే అనిపిస్తుంది.