ఎండగదికి ఎట్టి కప్పు?

ఇంటికి ముందో ప్రక్కనో ఒక చిన్న గది చేర్చి, దానికి మూడు వైపుల అద్దపు కిటికీలు పెట్టించి, అందు కూర్చుండి ఎండ కాచుకొనుట పాశ్చాత్య దేశములలో చిరకాలపు వాడుక. వారు దానిని సన్‌రూము అందురు. మనము ఎండగది యందము. మన పట్టణములలోను ఇప్పుడు కొందఱు గృహస్థులు ఇట్టి గదిని కట్టించుకొనుచున్నారు. కీళ్ళ నొప్పులతో బాధపడు అత్తగారు చలికాలమున కూర్చుండుటకు, బియ్యము బాగుచేసికొనుటకు, ప్రొద్దున పిల్లలు చదువుకొనుటకు ఇది మిక్కిలి అనువైన చోటు. అయితే గది కొలతలను గూర్చి నెలల తరబడి ఆలోచించినవారు సైతము, కప్పు మాట వచ్చునప్పటికి మేస్త్రి యిష్టమునకు విడిచిపెట్టుదురు. పగలంతయు ఆ గదిలో మసలవలసినది గృహిణి. కప్పు తప్పైనచో వేసవిలో ఉడికిపోవునది ఆమెయే. వానకాలమున కారుచోట గిన్నె పెట్టునదియు ఆమెయే. కావున మేస్త్రి కొలత త్రాడు తీయకమునుపే ఆమె మాట చెల్లవలెనని మా యభిప్రాయము.

మొదట అద్దపు కప్పును గూర్చి. బొమ్మలలో చూచి, ఆకాశము కనబడు కప్పు కావలెనని ముచ్చటపడువారు కలరు. మన దేశమునకు ఇది తగదని మేము గట్టిగా చెప్పుదుము. విజయవాడలో మే మొదటి వారమునను, మరల ఆగస్టు మొదటి వారమునను మధ్యాహ్నవేళ సూర్యుడు సరిగా నడినెత్తిన ఉండును. డిసెంబరు చివరి దినములలోనన్ననో, మధ్యాహ్నమైనను దక్షిణ దిక్కున సుమారు 50 డిగ్రీల యెత్తుననే నిలుచును. అనగా ఎండ మనకు అక్కఱలేని కాలమున కప్పు మీద పడును. కావలసిన కాలమున ప్రక్కనుండి వచ్చును. ఇంతకు మించి అద్దమునకు మఱియొక గుణము కలదు. అది వెలుతురును లోనికి రానిచ్చును గాని, ఆ వెలుతురుచే కాగిన నేలయు గోడలును వెలువరించు వేడిని తిరిగి బయటికి పోనీయదు. తలుపులు బిగించి ఎండలో నిలిపిన కారు ఎక్కినవారికి ఈ సంగతి వేఱుగా చెప్పనక్కఱలేదు. అద్దమునకు బదులు పాలికార్బొనేటు రేకు వేసినను ఫలమించుమించుగా అదియే.

చల్లని దేశములలోనైనను ఇందు సగము వర్తించును. న్యూజెర్సీలో మన తెలుగు కుటుంబములు పెక్కు స్థిరపడియున్నవి. అచ్చట డిసెంబరు చివర మధ్యాహ్న సూర్యుడు 26 డిగ్రీల యెత్తు దాటడు. ఏడడుగుల యెత్తుగల కిటికీనుండి ఆ యెండ 14 అడుగుల దూరము నేలపై పరచుకొనును. చూడుడు, ఆ యెండను తెచ్చునది గోడలోని అద్దమే గాని కప్పులోని అద్దము కాదు. కప్పు అద్దమైనచో రాత్రివేళ గదిలోని వెచ్చదనము దానినుండి తరలిపోవును. పైని మంచు పేరుకొనును. అచ్చటి సోదరీమణులు ఎట్లైనను అద్దపు కప్పే కోరినయెడల, పగిలినను ముక్కలు నెత్తిన రాలక నడిమి పొరకు అంటుకొనియుండు లామినేటెడు అద్దమునే వేయించుకొనవలెను.

కావున మన ఎండగదికి కప్పు మూసినదై, వెలుతురు ప్రక్కలనుండి రావలెను. గది దక్షిణముఖముగా నుండుట మేలు. తూర్పు కొంత నయము. పడమట మాత్రము వలదు. సాయంకాలపు టెండ వాలి వచ్చుటచే ఎంత చూరు దింపినను ఆగదు. (వాస్తు చూపించుకొనువారు తమ సిద్ధాంతి నడుగుదురు గాక, మేము చెప్పునది సూర్యుని నడకను గూర్చి మాత్రమే.) దక్షిణపు గదికి చూరు రెండడుగులు ముందుకు వచ్చి, దాని యంచు నేలనుండి ఏడడుగుల యెత్తున నున్నదనుకొందము. కిటికీలు క్రిందికి దిగియున్నచో, డిసెంబరులో మధ్యాహ్నపు టెండ గదిలోనికి దాదాపు నాలుగడుగులు వచ్చును. అదే చూరు మే నెలలో మధ్యాహ్నపు టెండను కిటికీ తాకనీయదు. ఏ తెరయు, ఏ యంత్రమును అక్కఱలేదు.

ఇక కప్పు ఆకారము. ఇంటి గోడనుండి బయటికి ఒకే వాలుగా దిగు కప్పు అన్నిటికంటె సులువు. మన వసారాలు తరతరములుగా ఇట్లే యున్నవి. రెండు వాలుల కప్పు చూచుటకు అందమే కాని, ఇంటి కప్పుతో కలియుచోట లోయ యేర్పడి నీరచ్చటికే పరుగెత్తును. ఆ యందమునకు ప్రతి వానకాలమును కొంత చెల్లించుకొనవలసియుండును.

ఒంటి వాలునకు పెంకు ఎంతయు అనువైనది. మనము బెంగుళూరు పెంకు అనునది నిజమునకు మంగుళూరు పెంకు. బాసెలు మిషనువారు 1865లో అచ్చట మొదటి కార్ఖానా పెట్టిరి. ఈ పెంకునకు రెండడుగుల వెడల్పునకు ఒక అడుగు చొప్పున వాలు కావలెను. లేనిచో గాలివానకు నీరు పెంకుల క్రిందికి ఎదురెక్కును. ఇచ్చట లెక్క చూచుకొనవలెను. గది వెడల్పు ఎనిమిదడుగులు, చూరు రెండడుగులు అనగా మొత్తము పది; వాలు అయిదడుగులు. పాత యిండ్లలో గోడ పండ్రెండడుగు లుండుటచే చూరు ఏడడుగుల యెత్తున నిలుచును. నేటి యిండ్లలో గోడ పదడుగులే యైనచో చూరు అయిదడుగులకు దిగి, వచ్చిన చుట్టమెల్ల తల కొట్టుకొనవలసివచ్చును. అట్టిచో గది వెడల్పు తగ్గించుకొనవలెను; లేదా రేకునో స్లాబునో ఆశ్రయింపవలెను.

రేకు తక్కువ వాలుకైనను నిలుచును. కాని క్రింద చెక్కతోనో మఱియొక పొరతోనో ఉపకప్పు లేనిచో మధ్యాహ్నము నిలువ శక్యము కాదు. వాన వచ్చినచో మాట వినబడదు. ఆస్బెస్టాసు కలిసిన సిమెంటు రేకు మాత్రము, చవుకగా వచ్చినను, తేవలదు. అన్ని రకముల ఆస్బెస్టాసును క్యాన్సరు కలిగించునవేయని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ఇదివఱకే అట్టి రేకులున్నవారు వానిని కోయుట, పగులగొట్టుట, గట్టిగా తోముట చేయరాదు; ఆ దుమ్మే ప్రమాదము. సిమెంటు స్లాబు గట్టిదే కాని పగలు పీల్చిన వేడిని రాత్రి విడిచిపెట్టును. పైన తెల్లసున్నము వేసినచో కొంత తగ్గును.

ఏ కప్పైనను పాత గోడను కలియుచోటనే కారును. సిమెంటు మెత్తి సరిపెట్టుట మేస్త్రుల వాడుక. అది యొక వేసవికే బీటలు వాఱును. గోడలో గాడి తీయించి, జస్తు రేకు అంచును అందు దూర్చి, రెండవ అంచును కప్పు మీదికి వంచి దింపవలెను. సముద్రతీరపు జిల్లాలవారు మఱియొక జాగ్రత్త తీసికొనవలెను. 1977 నవంబరులో దివిసీమను, 2014 అక్టోబరులో విశాఖపట్టణమును తాకిన తుపానులను ఎఱిగినవారికి గాలి బలమెట్టిదో తెలియును. చూరు క్రింద దూరిన గాలి కప్పును పైకెత్తును గనుక వాసములను మేకులతో విడువక, ఇనుప పట్టీలతో స్తంభములకు బిగింపవలెను.

మఱచిపోవుట కెక్కువ వీలైన విషయ మొకటి కలదు. క్రొత్త గది వెలుతురుతో నిండును గాని, దాని వెనుక నున్న పాత గది చీకటి యగును. తఱచుగా అది వంటయిల్లే. మన మండువా యిండ్లలో నడుమ ఆకాశము విడిచిపెట్టుటచే ఈ చిక్కు లేకుండెను. ఇప్పుడు వాలు కప్పులో పై వరుసన రెండు మూడు గాజు పెంకులు వేయించి, పాత కిటికీని మూయక యుంచినచో ఆ గదికి కొంత వెలుగు దక్కును. క్రొత్త గది గోడ పైభాగమున గాలికంతలు విడిచినచో వేడిగాలియు పోవును.

కప్పు పూర్తియైన పిమ్మట, మేస్త్రికి తుది పైకము చెల్లింపకమునుపు, పాత గోడ కలియుచోట నిలువున పదిబిందెల నీరు పోయించి, లోపల నిలిచి పైకి చూడవలెను.