శిక్షకు టికెట్

నానా క్వామీ అజేయ్-బ్రెన్యా నవల ‘చెయిన్-గ్యాంగ్ ఆల్-స్టార్స్’ 2023లో వచ్చింది. ఉరిశిక్షో, పాతికేళ్ళకు తక్కువ కాని జైలో పడిన ఖైదీలకు అందులో ఒక బేరం ఉంటుంది. శిక్షకు బదులు స్టేడియంలో తోటి ఖైదీలతో చచ్చేదాకా పోరాడాలి. మూడేళ్ళు ప్రాణాలతో మిగిలితే విడుదల. ఆటకు టికెట్లూ ఉంటాయి, స్పాన్సర్లూ ఉంటారు. పోటీ లేని రోజున కూడా కెమెరాలు ఖైదీల వెంటే తిరుగుతాయి.

ఇంతకుముందూ ఇలాంటి కథలొచ్చాయి. స్టీఫెన్ కింగ్ 1982 నవల ‘ది రన్నింగ్ మ్యాన్’లో ప్రాణాంతకమైన ఆటకు దిగేవాడు పేదవాడు; 1987 సినిమా అతణ్ణి ఖైదీని చేసింది. చచ్చేవాడు ఖైదీ అయితే చూసేవాడి మనసు అంతగా పీకదు మరి.

అజేయ్-బ్రెన్యా గట్టిగా పట్టుకున్నది ఆ మనసునే. ఎమిలీ అనే ఇల్లాలికి మొదట ఈ ఆటంటే రోత. భర్త టీవీలో పెడతాడు కాబట్టి పక్కన కూర్చుంటుంది. మెల్లగా ఖైదీల ప్రేమలు, పగలు తెలుస్తాయి. తనూ అభిమాని అయిపోతుంది. వాళ్ళు సంతకం పెట్టే వచ్చారు కదా అన్న ఊరట ఎలాగూ ఉంది.

కథ మధ్యలో రచయిత నిజమైన చట్టాలను పాదసూచికల్లో పెడతాడు. అమెరికాలో బానిసత్వాన్ని రద్దు చేసిన 1865 నాటి రాజ్యాంగ 13వ సవరణ, నేరానికి శిక్షగా మాత్రం దాన్ని మిగిల్చింది. టికెట్ల ఆటా కల్పన కాదు: లూసియానాలోని అంగోలా జైలు అక్టోబరు ఆదివారాల్లో టికెట్లు అమ్మి రోడియో నడుపుతుంది. అందులో ఒక పోటీలో ఖైదీలు బల్ల చుట్టూ పేకాటకు కూర్చుంటారు. వాళ్ళ మీదికి ఎద్దును వదులుతారు. చివరిదాకా కుర్చీ వదలనివాడు గెలిచినట్టు.

మన దగ్గర టికెట్ లేదు. 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో ‘దిశ’ అత్యాచార, హత్య కేసు నిందితులు నలుగురినీ పోలీసులు కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు, టపాసులు కాల్చారు. కాల్పులు చంపాలనే ఉద్దేశంతోనే జరిగాయని, నలుగురిలో ముగ్గురు మైనర్లని విచారణకు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక చెప్పింది. అది 2022 మేలో బయటికొచ్చేసరికి పూలు చల్లినవాళ్ళలో ఎందరు చదివి ఉంటారు? ఆ నవలలోని దుర్మార్గపు రాజ్యమైనా కోర్టు తీర్పు దాకా ఆగింది.

సూరత్‌లోని డిండోలి, లింబాయత్‌లలో మగ్గాల పనికొచ్చి స్థిరపడిన మనవాళ్ళకు ‘వర్‌ఘోడో’ అంటే విడమరచి చెప్పక్కర్లేదు. పెళ్ళికొడుకు ఊరేగింపు పేరే అది. నిందితుణ్ణి పట్టుకుని, నేరం జరిగిన వీధిలోకే నడిపించుకొస్తే గుజరాత్‌లో జనం దానికీ ఆ పేరే పెట్టారు. పోలీసులు దాన్ని ‘రీకన్‌స్ట్రక్షన్’ అంటారు. నేరం ఎలా జరిగిందో చూపించడం దర్యాప్తులో భాగమే. కుంటుతూ, చేతులు జోడించి నడిచే మనిషి వీడియో సాయంత్రానికి ప్రతి ఫోన్లోకీ చేరడం ఏ దర్యాప్తులో భాగమో!

2022 అక్టోబరులో ఖేడా జిల్లా ఉంధేలాలో గర్బాపై రాళ్ళు రువ్వారన్న ఆరోపణతో కొందరు ముస్లింలను పోలీసులు స్తంభానికి ఆనించి లాఠీలతో కొట్టారు. చుట్టూ జనం కేరింతలు. అరెస్టు చేసినవారి పట్ల ఎలా మెలగాలో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. దాన్ని మీరితే కోర్టు ధిక్కారమే. ఆ లెక్కనే గుజరాత్ హైకోర్టు 2023లో నలుగురు పోలీసులకు 14 రోజుల జైలు వేసింది. 2024 జనవరిలో వాళ్ళ అప్పీలు విన్న సుప్రీంకోర్టు శిక్షను ఆపింది కానీ, కొట్టింది చాలక వీడియోలు కూడా తీయడమేమిటని నిలదీసింది.